అటక ఎక్కినోడు కిందకి ఎందుకు దిగుతాడు? 1992 నాటి హారర్ గేమ్ మొదటిసారి ఆడాను



ఈ ఎపిసోడ్ నిజానికి పదిహేను రోజుల కిందటే రావాలి. రికార్డింగ్ కూడా అయిపోయింది. "ముప్పై ఏళ్ల నాటి దెయ్యాల గేమ్, రండి చూసి నవ్వుకుందాం" టైపులో ఒక పది నిమిషాల వీడియో. ఎడిటింగ్‌కి కూర్చున్నాక నాకే నచ్చలేదు, మొత్తం డిలీట్ చేశా. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ గేమ్ గురించి చెప్పాలి, తర్వాత మా అమ్మమ్మ గురించి చెప్పాలి. కొంచెం ఓపిగ్గా వినండి.

గేమ్ పేరు అలోన్ ఇన్ ద డార్క్. 1992లో ఇన్ఫోగ్రామ్స్ అనే ఫ్రెంచ్ కంపెనీ తెచ్చింది. దాని వెనకున్న మెయిన్ బుర్ర ఫ్రెడెరిక్ రేనాల్ అనే ప్రోగ్రామర్. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు, నేనూ పుట్టలేదు. అదే ఏడాది మనకి రామ్ గోపాల్ వర్మ 'రాత్రి' వచ్చింది, రేవతి చేసిన సినిమా. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తా.

కథ సింపుల్. అమెరికాలో లూసియానా, 1920ల కాలం. డెర్సెటో అని ఒక పెద్ద పాత బంగళా. దాని ఓనర్ జెరెమీ హార్ట్‌వుడ్ ఉరేసుకుని చనిపోయాడు. ఇంట్లో ఏదో ఉందని ఊళ్లో అందరికీ అనుమానం. మనం ఇద్దరిలో ఒకర్ని ఎంచుకోవాలి. ఒకరు ఎడ్వర్డ్ కార్న్‌బీ అనే డిటెక్టివ్, ఇంకొకరు అదే ఇంటి ఆడపిల్ల ఎమిలీ హార్ట్‌వుడ్. నేను కార్న్‌బీని తీసుకున్నా. కారు దిగి గేటు దాటి నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్తాడు. వెనకాల తలుపు దానంతట అదే మూసుకుంటుంది. అక్కణ్నుంచి మెట్లెక్కుతూ, ఎక్కుతూ, ఇంటి పైకప్పు కింద ఉన్న అటక మీదికి చేరతాడు. అక్కడ గేమ్ మన చేతికి వస్తుంది. అంటే ఇల్లంతా పైనుంచి కిందకి, గది గదీ దాటుకుంటూ దిగాలి, బయటపడాలి.

అటక అంటే తెలియని వాళ్లకి: పాత పెంకుటిళ్లలో పైకప్పుకీ గదికీ మధ్య చెక్కలు పరిచి పైన సామాన్లు పెట్టుకునే చోటు. నిచ్చెనేసుకుని ఎక్కుతారు. పాత ఇత్తడి బిందెలు, పనికిరాని కుర్చీలు, ఆవకాయ జాడీలు, ఎలకలు. ఇప్పుడు ఫ్లాట్లలో బాత్రూమ్ పైన ఉండే ఆ చిన్న గూడుని కూడా అటకే అంటున్నాం గానీ, అది వేరు.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను బందరు కుర్రాణ్ని. బయటి వాళ్లకి మచిలీపట్నం, మాకు బందరు. నా గేమింగ్ చదువంతా కోనేరు సెంటర్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో అయింది. ఐజీఐ, వైస్ సిటీ, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, అంతే. గంటకి డబ్బులు కడుతున్నప్పుడు ఎవడూ నిదానంగా ఆడే గేమ్ ఆడడు కదా. ఏది కాలిస్తే పేలుద్దో అదే ఆడతాం. తర్వాత గుడివాడ వైపు బీటెక్, రోజూ బస్సు. ఆ తర్వాత హైదరాబాద్‌లో కొన్నేళ్లు కోడ్ రాయడం, ఇప్పుడు మీ ముందు ఇలా మాట్లాడటం. ఈ మొత్తంలో పాత అడ్వెంచర్ హారర్ గేమ్ ఒక్కటి కూడా ఆడలేదు. కాబట్టి ఇది నిజంగానే ఫస్ట్ టైమ్.

సంక్రాంతికి దివిసీమలో అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లాను. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు. ఆ ఊళ్లో నెట్ ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. అందుకని గేమ్ ముందే లాప్‌టాప్‌లో వేసుకుని వెళ్లా. రాత్రి అందరూ పడుకున్నాక హాల్లో మంచం మీద కూర్చుని మైక్ పెట్టుకుని మొదలుపెట్టా.

ఇరవై సెకన్లు. అంతే పట్టింది చావడానికి.

ఏం జరిగిందంటే, నేను అటక మీద అటూ ఇటూ తిరుగుతూ, "ఈ మొహం చూడండి, అట్టముక్కలు అంటించినట్టు ఎలా ఉందో" అని జోకులేస్తున్నా. ఇంతలో కిటికీ పగిలింది. పొడుగాటి పళ్లున్న ఏదో జంతువు లోపలికి దూకింది. నేను కీబోర్డ్ మీద ఏ బటన్ నొక్కాలో వెతుక్కునేలోపు కార్న్‌బీ పని అయిపోయింది. చనిపోయాక ఊరుకుంటుందా? మన శవాన్ని కాళ్లు పట్టుకుని ఈడ్చుకుంటూ చీకటి గుహలోకి తీసుకెళ్లి ఒక రాతి బల్ల మీద పడేస్తారు. ప్రతిసారీ అది చూపిస్తుంది. రెండోసారి కిటికీకి దూరంగా నిలబడ్డా. ఈసారి అటక నేలలో ఉన్న పలక తలుపు ఎత్తుకుని కిందనుంచి ఒక శవం నడుచుకుంటూ వచ్చింది. మూడోసారి ఇంకోలా. ఆరుసార్లు చనిపోయా, ఇంకా అటక దాటలేదు. ఫోన్లో గేమ్ అయితే ఈపాటికి అన్‌ఇన్‌స్టాల్ చేసేవాణ్ని.

కానీ నాలుగోసారికి ఒక విషయం గమనించా. నేను జోకులు ఆపేశా. ఊపిరి బిగబట్టి వింటున్నా. ఆ అట్టముక్కల బొమ్మని చూసి నాకెందుకు భయమేస్తోంది? ఇంజనీర్ బుర్ర కదా, తెల్లారి కూర్చుని అది ఎలా పనిచేస్తుందో వెతికా.

మీ చేతిలో ఉన్న ఫోన్ స్క్రీన్ మామూలుగా 1080 ఇంటు 2400 పిక్సెల్స్ అనుకోండి, అంటే దాదాపు 26 లక్షల చుక్కలు. ఈ గేమ్ స్క్రీన్ 320 ఇంటు 200. మొత్తం 64 వేల చుక్కలు. మీ ఫోన్‌లో నలభయ్యో వంతు. ఒకేసారి చూపించగలిగే రంగులు 256. ఒక్కో చుక్కకి ఒక బైట్, అంటే స్క్రీన్ మొత్తం 64 వేల బైట్లు. మనం వాట్సాప్‌లో పంపే గుడ్‌మార్నింగ్ ఫొటో కూడా ఇంతకంటే పెద్దది.

అంత చిన్న మెషీన్‌లో ఒక ఇంటిని మొత్తం త్రీడీలో గీయడం కుదరదు. గోడలు, సోఫాలు, తివాచీలు, అన్నీ లెక్కలు కట్టి సెకనుకి ఇన్నిసార్లు గీయాలంటే అప్పటి కంప్యూటర్ అక్కడే ఆగిపోయేది. అందుకని ఒక ఉపాయం చేశారు. గదుల్ని బొమ్మలుగా గీసేశారు. యాయెల్ బారోజ్ అనే ఆర్టిస్ట్ గీశారు ఆ బ్యాక్‌గ్రౌండ్‌లు. ఒక్కో గదికి నాలుగైదు కోణాల్లోంచి నాలుగైదు బొమ్మలు. ఆ బొమ్మ మీద మనుషుల్ని, దెయ్యాల్ని మాత్రం నిజంగా త్రీడీలో కదిలించారు. నాటకాల్లో వెనక రంగుల పరదా కట్టి ముందు మనిషి నడుస్తాడు చూడండి, అచ్చం అదే.

గది నేలని కనపడని గళ్లుగా విడగొడతారు. మీరు ఈ గట్లోంచి ఆ గట్లోకి అడుగు పెట్టగానే బొమ్మ టక్కున మారిపోతుంది. ఇప్పటిదాకా తలుపు వైపు నుంచి చూస్తున్నారు, ఒక్క అడుగు వేయగానే పైకప్పు మూల నుంచి చూస్తున్నారు. కెమెరా మీ చేతిలో ఉండదు. పబ్జీలో అయినా ఫ్రీ ఫైర్‌లో అయినా వెనకేముందో అనుమానం వస్తే బొటనవేలితో తిప్పి చూసుకుంటాం. ఇక్కడ ఆ హక్కు లేదు. కార్న్‌బీ ఒక తలుపు ముందు నిలబడి ఉంటాడు, తలుపు అవతల ఏముందో ఆయనకి కనపడుతూ ఉండొచ్చు, మనకి మాత్రం ఆయన వీపు, నెత్తి కనపడతాయి. చప్పుడు ఒక్కటే వినపడుతుంది.

ఇప్పుడు 'రాత్రి' సంగతి. అందులో కెమెరా మనుషుల వెనక మెల్లగా నడుస్తూ ఉంటుంది, ఆ నడిచేదెవరో మనకి తెలీదు. వర్మ కెమెరాని కదిలించి భయపెట్టాడు. రేనాల్ టీమ్‌కి కదిలించే స్తోమత లేదు. కదలని కెమెరాలని గది మూలల్లో పెట్టారు. అవి పెట్టిందెవరు, అక్కణ్నుంచి మనల్ని చూస్తోందెవరు అనే ఫీలింగ్ దానంతట అదే వచ్చేసింది. గేమ్ మొదట్లో కార్న్‌బీ ఇంటివైపు నడుస్తుంటే ఒక షాట్ పై కిటికీలోంచి ఉంటుంది. ఫ్రేమ్ అంచున చేతులు కనపడతాయి. అవి మనిషి చేతులు కావు. అంటే వాళ్లకి తాము ఏం చేస్తున్నారో బాగానే తెలుసు.

ఈ పద్ధతి తర్వాత పెద్ద బిజినెస్ అయింది. 1996లో క్యాప్‌కామ్ వాళ్ల రెసిడెంట్ ఈవిల్ వచ్చింది కదా, ఆ బంగళా, ఆ మూలల్లో కెమెరాలు, అన్నీ ఇదే దారి. దాని డైరెక్టర్ షింజి మికామి కూడా తర్వాత ఇంటర్వ్యూలో ఆ సంగతి ఒప్పుకున్నాడు. అంటే మీరు ఆడిన సర్వైవల్ హారర్ గేమ్‌లలో చాలావాటికి ఇది తాత లాంటిది.

ఇంకొక్క టెక్నికల్ ముక్క చెప్పి వదిలేస్తా, ఎందుకంటే ఇది ఆడేటప్పుడు మీకు పనికొస్తుంది. పరదా మీద గీసిన బీరువాని కదపలేం, అది బొమ్మ. కదిపే వస్తువైతే దాన్ని త్రీడీలో చెయ్యాలి. అప్పటి త్రీడీ అంటే ఒకే రంగు పూసిన చదును పలకలు. కాబట్టి గదిలో ఏ వస్తువు మిగతావాటికంటే కొంచెం ప్లెయిన్‌గా, అతికించినట్టు కనపడుతుందో, దాంతో మనకి పని ఉందన్నమాట. ఈ విషయం నాకు తెల్లారాక తెలిసింది. రాత్రి మా అమ్మమ్మకి చూడగానే తెలిసింది. ఆమెకి పలకలూ పిక్సెల్సూ ఏం తెలీవు.

ఏడోసారి మొదలుపెట్టినప్పుడు ఆమె లేచి వచ్చింది. ఆమెకి నిద్ర తక్కువ. మంచం చివర కూర్చుని కాసేపు చూసింది.

"ఏంట్రా అది, బొమ్మలాటా?"

"గేమ్ అమ్మమ్మా. ఈయన అటక మీదున్నాడు. కిందకి దిగి ఇంట్లోంచి బయటపడాలి."

"అటక ఎక్కినోడు కిందకి ఎందుకు దిగుతాడ్రా?"

నేను నవ్వా. దిగకపోతే గేమ్ ఎట్టా అవుద్ది అమ్మమ్మా అన్నా. ఆమె నవ్వలేదు.

"సరే, ముందు ఆ కిటికీకి ఏదన్నా అడ్డం పెట్టు. అదుగో బీరువా, అది జరుపు."

నిజం చెప్తున్నా, ఆరుసార్లు చనిపోయినా నాకు ఆ ఆలోచన రాలేదు. నాకు గేమ్ అంటే తుపాకీ ఎక్కడుందో వెతకడం. తుపాకీ ఉంది కూడా, ట్రంకు పెట్టెలో. ఎంటర్ నొక్కితే మెనూ వస్తుంది, అందులో 'తోయడం' అని ఒక ఆప్షన్ ఉంది. అది సెలెక్ట్ చేసి, బీరువాకి ఎదురుగా నిలబడి స్పేస్ బార్ పట్టుకున్నా. బీరువా మెల్లగా కదిలి కిటికీకి అడ్డం వచ్చింది. ఆ జంతువు లోపలికి రాలేదు.

"కిందది కూడా మూసెయ్. ఆ పెట్టె లాగు దాని మీదికి."

ట్రంకు పెట్టెని పలక తలుపు మీదికి తోశా. కింద ఏదో వచ్చింది, ఎత్తడానికి చూసింది, దానివల్ల కాలేదు. అంతే. అటక నిశ్శబ్దమైపోయింది. గేమ్‌లో మొదటి పజిల్ అది. ఇంటర్నెట్‌లో దాని గురించి ఎన్నో వాక్‌త్రూలు ఉన్నాయి. మా అమ్మమ్మకి అరవై ఏడేళ్లు, జీవితంలో కంప్యూటర్ ముట్టుకోలేదు, అర నిమిషంలో చెప్పేసింది.

నీకెట్టా తెలిసింది అని అడిగా. "ఎట్టా తెలిసేదేంట్రా, ఉప్పెన నాడు మేం చేసింది అదేగా" అంది.

దివిసీమ ఉప్పెన అని మీరు వినే ఉంటారు. 1977 నవంబర్ 19, శనివారం. తుఫాను తీరం దాటేటప్పుడు సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున పొలాల మీదికి, ఊళ్ల మీదికి వచ్చేసింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు ఊళ్లు బాగా దెబ్బతిన్నాయి. సొర్లగొంది లాంటి ఊళ్లలో కుటుంబాలకి కుటుంబాలే పోయాయి. చనిపోయినవాళ్లు దాదాపు 10 వేల మంది అని ప్రభుత్వ లెక్క, అంతకంటే చాలా ఎక్కువని ఇక్కడ ఎవర్ని అడిగినా చెప్తారు. మా బందరుకి అంతకుముందే ఇంకోటి ఉంది, 1864 నవంబర్ 1 నాటిది, అందులో 30 వేల మంది దాకా పోయారంటారు. ఈ లెక్కలన్నీ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. స్కూల్లో వ్యాసం కూడా రాశా, మార్కులు కూడా వచ్చాయి. మా ఇంట్లో వాళ్లు ఆ రోజు ఎక్కడున్నారు, ఏం చేశారు అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. పెద్దవాళ్లు చెప్పరు, మనం అడగం, అలా గడిచిపోయింది.

అప్పటికి ఆమెకి పందొమ్మిదేళ్లు. ఒళ్లో ఏడాది పిల్ల. ఆ పిల్ల మా అమ్మ. వాళ్లది తాటాకు ఇల్లు. పొద్దుటి నుంచీ గాలి పెరుగుతుంటే, మధ్యాహ్నానికి పక్క వీధిలో ఒక రైతు పెంకుటింట్లోకి వెళ్లారు. ఆ ఇంట్లో ఇంకా చాలామంది చేరారట. తలుపు గాలికి విరిగిపోయేలా ఉంటే మంచాలు, బియ్యం బస్తాలు, ట్రంకు పెట్టెలు, ఏది దొరికితే అది అడ్డం పెట్టారు. కిటికీ రెక్కలకి బల్ల ఆనించి మగవాళ్లు వీపులు పెట్టి నిలబడ్డారు. అప్పటికి వాళ్ల భయమంతా గాలి గురించే. నీళ్లొస్తాయని అనుకోలేదు. కాళ్లకి నీళ్లు తగిలాక అందర్నీ అటక ఎక్కించారు. ముందు పిల్లల్ని, తర్వాత ఆడవాళ్లని.

"మా అత్త కూడా ఎక్కిందిరా. ఎక్కి నా పక్కనే కూచుంది. కూచున్నాక గుర్తొచ్చింది, దూడని కట్టేసి వచ్చామని. పలుపు విప్పి వస్తానని దిగింది."

ఆ తర్వాత ఆమె చెప్పిందే నేను ఆ రికార్డింగ్ డిలీట్ చేయడానికి కారణం. లాంతరు ఆరిపోయిందట. తెల్లారేదాకా నిచ్చెన వైపే చూస్తూ కూర్చున్నారట. చూడటానికేం లేదు, చీకటి. నీళ్లు ఊగుతుంటే నిచ్చెన గోడకి తగిలి టక టకమని చప్పుడు వచ్చేదట. "అది వచ్చినప్పుడల్లా మా అత్త ఎక్కుతుందనే అనుకున్నా" అంది. దూడ పలుపు విప్పిందో లేదో కూడా ఎవరికీ తెలీదు.

ఇదంతా చెప్తున్నప్పుడు నా లాప్‌టాప్‌లో కార్న్‌బీ అటక మీద నిలబడే ఉన్నాడు. కింద ఎక్కడో గేమ్ వాడు పెట్టిన అడుగుల చప్పుడు. నేను మూత వేసేశా.

తెల్లారి అమ్మకి ఫోన్ చేశా. వాళ్ల నాయనమ్మ ఉప్పెనలో పోయిందని అమ్మకి తెలుసు. అటక ఎక్కాక దిగిందని తెలీదు. నలభై ఎనిమిదేళ్లు! అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నువ్వు ఎట్టా అడిగావురా ఆమెని" అంది. నేను అడగలేదమ్మా, కిటికీకి అడ్డం ఏం పెట్టాలని ఆమే చెప్పింది అన్నా.

ఇదంతా వీడియోలో చెప్పొచ్చా అని అమ్మమ్మనే అడిగా. "చెప్పుకో, దాందేముంది, ఈ సీమలో అందరిళ్లలో జరిగిందేగా" అంది. అందుకే చెప్తున్నా. గేమ్‌కీ ఉప్పెనకీ పోలిక పెడుతున్నానని అనుకోకండి, అంత తెలివితక్కువ వాణ్ని కాదు. నాకు అర్థమైంది చిన్న విషయం. చూపు పనిచేయనప్పుడు మనిషి చెవితో బతుకుతాడు. మంచి గ్రాఫిక్స్ ఉన్న గేమ్ నా కళ్లకి పని చెప్తుంది, నేను చూసి ఊరుకుంటా. ఈ గేమ్‌కి చూపించే తాహతు లేదు, అందుకని వినిపిస్తుంది, మిగతాది నాతోనే ఊహింపజేస్తుంది. ఊహించుకోవడంలో మనకంటే మనల్ని భయపెట్టేవాడు ఇంకొకడు లేడు. నేను ఆ రాత్రి దాన్ని పట్టుకుని గ్రాఫిక్స్ మీద జోకులేశా.

సరే. తర్వాత రోజు మళ్లీ కూర్చున్నా, ఈసారి మైక్ లేకుండా. అటక కింద ఇల్లు చాలా బాగుంది. మొత్తం స్పాయిల్ చేయను గానీ కొన్ని చెప్పకుండా ఉండలేను.

ఈ ఇంట్లో దేన్నైనా కొట్టి గెలుద్దామనుకుంటే మీ పని అయిపోయినట్టే. తూటాలు తక్కువ, ఫైటింగ్ కంట్రోల్స్ దారుణం. కార్న్‌బీ చెయ్యి ఎత్తేలోపు అవతలివాడు రెండు దెబ్బలేస్తాడు. అది గేమ్ తప్పే, సమర్థించను. కానీ చాలాచోట్ల కొట్టాల్సిన పనే లేదు. భోజనాల గదిలో శవాలు లేచి తిరుగుతుంటాయి. వంటింట్లోంచి సూప్ గిన్నె తెచ్చి బల్ల మీద పెడితే, చక్కగా వచ్చి కుర్చీల్లో కూర్చుంటాయి. ఆకలేసిన చుట్టాల్లాగా! డాన్స్ హాల్లో నిలబడిపోయిన జంటలు ఉంటాయి, తగిలితే చంపేస్తాయి. గ్రామఫోన్‌లో సరైన రికార్డు పెడితే డాన్స్ మొదలుపెడతాయి, ఆ సందులో మీ పని చూసుకోవాలి. మెట్ల పైన రెక్కలున్న రెండు జీవాలు కాపలా ఉంటాయి, వాటికి తుపాకీ దండగ, అద్దం కావాలి. ఒక గదిలో పొగతో ఊపిరాడదు, అక్కడ కుండెడు నీళ్లు చాలు. ఇంటి మర్యాద తెలుసుకుని మసలుకునేవాడు బతుకుతాడు.

పుస్తకాలు చాలా ఉంటాయి. చదవండి, క్లూలన్నీ వాటిలోనే. కొన్ని పుస్తకాలు తప్పు చోట నిలబడి చదివితే చచ్చిపోతాం. అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ కథల్లోని ఐడియా అది. తెలుసుకోకూడనిది తెలుసుకుంటే బుర్ర పనిచేయదని ఆయన కథలన్నీ చెప్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది వీధి తలుపు. ఎంతో కష్టపడి కింది అంతస్తుకి చేరతాం. ఎదురుగా పెద్ద తలుపు, మనం లోపలికి వచ్చింది అదే. ఎవరైనా ఏం చేస్తారు? తీస్తారు. నేనూ తీశా. బయట ఇల్లంత నోరు ఒకటి తెరుచుకుని ఉంది. అంతే, మళ్లీ గుహ, మళ్లీ రాతి బల్ల. బయటికి వెళ్లాలంటే ఇంకా కిందికి, ఇంటి పునాదుల కిందకి దిగాలి. ఇంతకంటే చెప్పను.

మీరు ఆడాలనుకుంటే: ఇది డాస్ కాలం గేమ్, విండోస్‌లో డైరెక్ట్‌గా నడవదు. డాస్‌బాక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అది మీ కొత్త కంప్యూటర్‌లోనే ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు నటిస్తుంది. గాగ్ అనే సైట్‌లో గేమ్ కొంటే అన్నీ సెట్ చేసే ఇస్తారు, పాత గేమ్ కాబట్టి రేటు ఎక్కువుండదు. క్రాక్ లింకుల జోలికి వెళ్లకండి, పాత గేమ్‌ల పేరుతో వచ్చే ఫైళ్లలో వైరస్‌లు దండిగా ఉంటాయి. నెట్ సెంటర్ కాలంలో ఆ పాపం అందరం చేశాం, ఇప్పుడు అవసరం లేదు.

ఫోన్‌లో కుదురుతుందా అంటే కుదురుతుంది. ఆండ్రాయిడ్‌లో డాస్‌బాక్స్ యాప్‌లు ఉన్నాయి, కొన్న గేమ్ ఫోల్డర్‌ని అందులోకి కాపీ చేసుకోవడమే. స్క్రీన్ మీద బటన్లతో మాత్రం ఆడకండి, నరకం. ఒక ఓటీజీ కేబుల్, ఒక మామూలు కీబోర్డ్ ఉంటే చాలు. పైకి బాణం నొక్కితే ముందుకి నడుస్తాడు, అదే రెండుసార్లు టకటకా నొక్కితే పరిగెడతాడు. కుడి, ఎడమ బాణాలతో ఉన్నచోటే తిరుగుతాడు, ట్రాక్టర్ తిప్పినట్టు ఉంటుంది, అరగంటలో అలవాటవుతుంది. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, గది మారినప్పుడల్లా చేసుకోండి, ఒకే ఫైల్ మీద కాకుండా. ఎందుకంటే లాంతరులో నూనె అయిపోతుంది, మోసే బరువుకి ఒక హద్దు ఉంటుంది, అవసరమైన వస్తువు ఎక్కడో పడేసి వస్తే గేమ్ మీకు చెప్పదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. 1993లో వచ్చిన సీడీ వెర్షన్‌లో డైరీలు, ఉత్తరాలు గొంతుతో చదివి వినిపిస్తారు, కొంచెం ఓవర్ యాక్షన్ అనిపించింది నాకు.

2024లో ఇదే పేరుతో కొత్తది వచ్చింది, హాలీవుడ్ నటులు డేవిడ్ హార్బర్, జోడీ కోమర్‌తో. అందంగా ఉంది. కానీ అందులో కెమెరా మన భుజం వెనకే ఉంటుంది, ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. నేను దాన్ని ఒక గంట ఆడి పక్కన పెట్టా. ఆ గేమ్ చేసిన స్టూడియోని ఆ ఏడాదే మూసేశారు పాపం.

నేను ఇంకా గేమ్ పూర్తి చేయలేదు. హైదరాబాద్ వచ్చాక రోజూ రాత్రి ఒక గంట ఆడుతున్నా. మొన్న అమ్మమ్మ ఫోన్ చేసింది. ఇంతకుముందు పండక్కో పబ్బానికో తప్ప చేసేది కాదు, ఇప్పుడు మూడు రోజులకోసారి చేస్తోంది. తిన్నావా, ఆఫీసు మానేసి ఏం చేస్తున్నావు, ఇవన్నీ అయ్యాక చివర్లో అడిగింది.

"ఆ అబ్బాయి బయటపడ్డాడా?"

"ఇంకా లేదమ్మమ్మా, వంటింట్లో ఉన్నాడు."

"దిగాడూ మొత్తానికి."

"దిగాడు."

"లాంతరు ఉందా చేతిలో?"

ఉందన్నా. సరే జాగ్రత్త అని పెట్టేసింది. కార్న్‌బీకి చెప్పిందో నాకు చెప్పిందో తెలీదు. వచ్చే ఎపిసోడ్‌కి గేమ్ పూర్తి చేసి వస్తా. ఈలోపు మీరూ ఆ అటక మీద ఒకసారి నిలబడి చూడండి, బీరువా జరపడం మర్చిపోకండి. ఉంటా మరి.